ఎడమ ముందు చక్రం

ఆ ఎండాకాలం మా మామ గట్టయ్యకూ పక్కింటి హమీద్ కాకకూ మాటలు బందయ్యాయి. నేను కారు నడపడం నేర్చుకున్నది ఆ పుణ్యాననే.

ఇద్దరూ ఒకే బొగ్గుబాయిలో పనిచేశారు. మామ టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని. హమీద్ కాక హాలర్ డ్రైవర్. ఏటవాలు దారిలో బొగ్గు టబ్బులను ఇనుప తాడుతో పైకి లాగి, కిందికి దింపే యంత్రం ఆయన చేతిలో ఉండేది. ఒకే నెలలో రిటైరయ్యారు, రిటైరవగానే ఇద్దరూ కలిసి ఒక పాత తెల్లకారు కొన్నారు. గోదావరిఖనిలో మా రెండిళ్ళకూ నడుమ ఒకటే గోడ. ఆ గోడ పక్కన రేకుల కింద కారు ఉండేది. తాళంచెవులు రెండు, ఇంటికొకటి. అంగడికి మామ నడిపేవాడు, శుక్రవారం నమాజుకు హమీద్ కాక నడిపేవాడు. ఎక్కువగా ఇద్దరూ కలిసే పోయేవాళ్ళు. టైర్లలో గాలి పట్టించుకొస్తామని పొద్దున బయలుదేరి, అన్నం వేళకు నవ్వుకుంటూ తిరిగొచ్చేవాళ్ళు. అంతసేపు ఎక్కడ గాలి పట్టించారో ఇంట్లో ఎవరమూ అడిగేవాళ్ళం కాదు.

గొడవ మెకానిక్ మొగిలి షెడ్డులో మొదలైంది. ఏప్రిల్ మొదటి వారం. నేను, మామ, హమీద్ కాక మార్కెట్ నుంచి వస్తుంటే బ్రేకు వేసినప్పుడల్లా ముందు చక్రం దగ్గర కీచుమని చప్పుడొస్తోంది. మా బండి పని మొదటి నుంచీ మొగిలే చేస్తాడు. చక్రాలు ఊడదీసి, లోపల చేయిపెట్టి చూసి, తల ఊపాడు.

"కాకా, ప్యాడ్లు అరిగినయి. దసరాకే గద మార్చిన."

చక్రంతోపాటు ఒక ఇనుప డిస్కు తిరుగుతుందనీ, పెడల్ తొక్కగానే దాన్ని రెండు వైపుల నుంచి నొక్కి ఆపే బిళ్ళలే ప్యాడ్లనీ అప్పుడు నాకు తెలియదు. సంచిలో టమాటాలు నలిగిపోతున్నాయని మాత్రమే నా బాధ.

"గింత జల్ది ఎట్ల అరుగుతయిరా?" అన్నాడు మామ.

"ఎట్లంటే, బ్రేకు మీద కాలు పెట్టుకొని నడిపితే అరుగుతయి. మీ ఇద్దర్ల ఎవరికో ఆ అలవాటున్నది." మొగిలి కొత్త ప్యాడ్లు వేసి, చక్రాలు బిగించి, పాతవాటిని మూలనున్న ఇనుప సామాను కుప్పలోకి విసిరేశాడు.

మామ పకపక నవ్వాడు. "ఎవరికో ఏంది? హమీద్‌కే. బాయిల హాలర్ బ్రేకు పట్టి పట్టి, ఇడిసిపెట్టుడు మర్చిపోయిండు."

మొగిలి నవ్వాడు. చాయ్ తాగడానికి వచ్చి నిలబడ్డ ఇద్దరు ఆటోవాళ్ళు కూడా నవ్వారు. హమీద్ కాక నవ్వలేదు.

"ఏమన్నవ్ గట్టయ్యా?"

"నవ్వులాటకన్న."

"నా బ్రేకు మీద నవ్వులాటనా? నేను టబ్బులు దింపుతుంటే కింద నువ్వే ఉంటివి. ఒక్కనాడన్న టబ్బు నా చేయి దాటి వచ్చిందా? చెప్పు."

రాలేదని ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ చుట్టూ మనుషులున్నారు, మామ అప్పటికే నవ్వు మధ్యలో ఉన్నాడు. "బాయి సంగతి వేరు, ఇది కారు," అన్నాడు.

హమీద్ కాక జేబులోంచి తాళంచెవి తీసి బానెట్ మీద పెట్టాడు. ఆ ఆటోవాళ్ళలో ఒకతని బండెక్కి ఇంటికి వెళ్ళిపోయాడు. ఒకటే వాడకు మేము కారులో, ఆయన ఆటోలో వెళ్ళడం అదే మొదటిసారి. దారిపొడవునా ఆటో మా ముందే ఉంది. మామ దాన్ని దాటలేదు, హారన్ కొట్టలేదు.

మరునాడు హమీద్ కాక భార్య హాజిరా చిన్నమ్మ గోడ అవతలి నుంచి చేయి చాపి, ఆ తాళంచెవి ఇవ్వమని అడిగి తీసుకుంది. "సగం బండి మాది సారక్కా. కోపం ఆయనది, బండి నాది," అంది. మా అత్త సారక్క నవ్వి ఇచ్చేసింది. ఆడవాళ్ళిద్దరూ ఆ గొడవను ఇంట్లోకి రానివ్వలేదు. ఆ యేడు కూడా మామిడికాయలు కలిసే తెచ్చారు, కలిసే కోశారు. ముక్కలు తుడిచే పని నాది. గోడకు ఈ పక్క మామ, ఆ పక్క హమీద్ కాక మంచాలు వేసుకుని, ఎవరి మొహం వాళ్ళు రోడ్డు వైపు పెట్టుకుని కూర్చునేవాళ్ళు.

కారు కష్టం మాత్రం అందరికీ వచ్చింది. మామ నడిపితే హమీద్ కాక ఎక్కడు. హమీద్ కాక నడిపితే మామ ఎక్కడు. మా ఆయన వేణుమాధవ్‌కు ఓపెన్‌కాస్టు గనిలో షిఫ్టు డ్యూటీ, ఇంట్లో ఉన్నంతసేపూ నిద్రే. అత్తకు మోకాళ్ళ నొప్పులని దవాఖానకు పోవాలి, హాజిరా చిన్నమ్మకు కమాన్‌పూర్‌లో అక్క ఉంది. ఒకరోజు పచ్చడి జాడీకి గుడ్డ కడుతూ అత్త అంది:

"మమతా, ఈ ముసలోళ్ళ పంచాయితి తెగేటట్టు లేదు. నువ్వు నేర్సుకో బండి."

"నేనా అత్తమ్మా?"

"మరి నేనా?"

అలా మొదలైంది. పొద్దున పూట మామ నేర్పేవాడు. సాయంత్రం, ఎండ తగ్గాక, హమీద్ కాక నేర్పేవాడు. ఒకరు నేర్పుతున్నట్టు ఇంకొకరికి తెలుసు. ఇద్దరూ తెలియనట్టే ఉన్నారు. కాలనీ వెనక ఆటస్థలం మా బడి.

అంతకుముందు మామ నాతో మాట్లాడినవి రెండే మాటలు: "చాయ్ పెట్టు బిడ్డా," "వేణు డ్యూటీకి పోయిండా?" కారులో పక్కన కూర్చున్నాక ఆ మనిషే వేరయ్యాడు. "అద్దాలు ఎత్తకు. చెవి పెట్టు. బాయిల పైకప్పు పడేముందు చప్పుడు చేస్తది. బండి గూడ గంతే. ఏదన్న అయ్యేముందు చెప్తది, మనమే ఇనం," అనేవాడు. నేను గేరు తప్పు వేసి బండి ఎగిరెగిరి ఆగిపోతే, నవ్వు ఆపుకోలేక కిటికీలోంచి తల బయట పెట్టేవాడు.

హమీద్ కాక పద్ధతి వేరు. ఒక ఇటుకను దూరంగా పెట్టేవాడు. "దాని కాడ ఆపు బిడ్డా. మనం ఆగినట్టు మనకే తెల్వొద్దు." నేను ధడేల్‌మని తొక్కితే కళ్ళు మూసుకునేవాడు. "టబ్బుల మనుషులున్నరనుకో. అందరి తలకాయలు గోడకు తాకినయి ఇప్పుడు." మళ్ళీ మొదటి నుంచి. ఆయన బ్రేకు వేసి చూపిస్తే డ్యాష్‌బోర్డు మీద పెట్టిన నిమ్మకాయ కూడా కదిలేది కాదు. ఈయన బ్రేకు మీద కాలు పెట్టుకుని నడుపుతాడంటే ఎలా నమ్మడం? మామ సంగతి కూడా చూశాను. ఆయన కాలు బ్రేకు వైపు పోవడమే తక్కువ. దూరం నుంచే గేరు తగ్గించుకుంటూ వచ్చేవాడు.

పాఠం అయ్యాక ఇద్దరూ ఒకటే ప్రశ్న అడిగేవాళ్ళు, ఇద్దరూ మొహం అటు తిప్పుకునే అడిగేవాళ్ళు.

"ఆయన ఎట్ల చెప్తుండు?"

"మంచిగనే చెప్తుండు," అనేదాన్ని. ఆ జవాబు ఇద్దరికీ నచ్చేది కాదు.

మే నెలలో ఒక పొద్దున ఒక్కదాన్నే నడిపి ఇంటికి తెచ్చాను. మామ అరుగు మీద నిలబడి చూస్తున్నాడు. దిగగానే ముందు నుంచి మాడు వాసన కొట్టింది. అన్నం అడుగంటితే పట్టేసే ముక్కు నాది. వాసన ఎటు నుంచి వస్తోందో వెతుక్కుంటూ ఎడమ ముందు చక్రం దగ్గర కూర్చుని చేయి పెట్టబోయాను. పెనం మీద సెగలా తగిలింది. కుడి పక్కకు పోయి చూశాను. ఆ చక్రం గోరువెచ్చగా ఉందంతే.

"మామా, ఇటు చూడు. ఎడమ చక్రం కాలుతున్నది. కుడిది మంచిగున్నది."

ఆయన వచ్చి చూశాడు. మొహం వెలిగిపోయింది. "నిన్న ఎవరు నడిపిన్రు?"

"నిన్నటి వేడి ఇయ్యాల్టి దాక ఉంటదా మామా? ఇప్పుడు నడిపింది నేను."

"మరి నీకు నేర్పిందెవరు?" అని లోపలికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం హమీద్ కాకకు చెప్పాను. ఆయన కూడా రెండు చక్రాలూ తడిమి చూసి, అచ్చం అదే మాట అన్నాడు, కొంచెం మర్యాదగా. "పొద్దున పాఠం ఎవరిది బిడ్డా?"

నాకు విసుగొచ్చింది. మొగిలి షెడ్డుకు నేనే వెళ్ళాను. ఎండాకాలం కదా, అతనికి ఏసీలు బాగుచేసే పనే చేతినిండా ఉంది. నాలుగు బండ్లు వరసలో నిలబడి ఉన్నాయి. "దుమ్ము పట్టి ఉంటది చెల్లె. నీళ్ళు కొట్టు. జూన్‌ల తీరిగ్గ చూద్దాం," అన్నాడు తల ఎత్తకుండానే. నీళ్ళు కొట్టాను. రెండు రోజులు బాగున్నట్టే ఉంది. రోడ్డు మీద చేయి వదిలితే మాత్రం బండి ఎడమకు జరుగుతోంది. నాకే ఇంకా సరిగా రాలేదేమో అనుకున్నాను. నెలాఖరుకు లైసెన్సు చేతికొచ్చింది. అత్త నా లైసెన్సు మీది ఫోటో చూసి, "దొంగను పట్టుకున్నట్టు తీసిన్రు," అని వాడంతా చూపించింది.

జూన్ మొదట్లో జూహీ పరీక్ష వచ్చింది. జూహీ హమీద్ కాక కూతురు. నర్సింగు చదివి, సర్కారు దవాఖాన పోస్టుల కోసం రెండేళ్ళుగా కూర్చుని చదువుతోంది. మా ఇంట్లో పెరిగిన పిల్లే. ఆమె కళ్ళు ఉబ్బితే మా మామకు అన్నం దిగదు. సెంటర్ పెద్దపల్లిలో పడింది. నిమిషం ఆలస్యమైనా గేటు తెరవరని హాల్‌టికెట్ మీదే రాసి ఉంది.

ముందురోజు జూహీ మా ఇంటికి వచ్చి, అందరి ముందూ నిలబడి చెప్పింది. "బాపు నడిపితే కాక ఎక్కడు. కాక నడిపితే బాపు ఎక్కడు. నాకు ఇద్దరూ రావాలె. వదిన నడుపుతది. ఎవరన్న కాదంటే నేను పరీక్షకే పోను."

పోను అనడం ఉత్త బెదిరింపేనని అందరికీ తెలుసు. అయినా గోడకు అటు ఒకరు, ఇటు ఒకరు తల ఊపారు.

పొద్దున్నే బయలుదేరాం. నా పక్కన హమీద్ కాక, వెనక మామ, జూహీ. ఇద్దరి దగ్గరా చెప్పాల్సినవి బోలెడున్నాయి, ఒకరితో ఒకరు మాట్లాడుకోరు కాబట్టి అంతా నా చెవులకే వచ్చింది.

"బిడ్డా, ముందు లారీ ఉన్నది, గేరు తగ్గించు," అని వెనక నుంచి.

"గేరు అవసరం లేదు బిడ్డా, జర కాలు ఎత్తు చాలు," అని పక్క నుంచి.

"గేరు తగ్గిస్తెనే మంచిదని చెప్పు మమతా."

"ఎవరికి చెప్పాలె మామా?"

"ఎవరికైతే ఏంది, చెప్పు."

జూహీ పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. పరీక్ష భయం కొంత దానితోనే పోయింది అనుకుంటాను. ఎన్టీపీసీ పొగగొట్టాలు దాటాం. బసంత్‌నగర్ టోల్‌గేట్ దగ్గర బ్రేకు తొక్కాను. పెడల్ కాలి కింద గజగజ వణికింది. ఎడమ ముందు చక్రం నుంచి ఇనుము మీద ఇనుము గీసినట్టు గరగరమని చప్పుడు. టోల్ దగ్గర నిలబడ్డ మనుషులు కూడా తిరిగి చూశారు.

"ఆపకు, మెల్లగ పక్కకు తీయి," ఇద్దరూ ఒకేసారి అన్నారు. గొడవయ్యాక ఇద్దరి నోటా ఒకేసారి ఒకటే మాట రావడం అదే మొదటిసారి.

గేటు దాటించి, గేర్లు తగ్గిస్తూ, చివర హ్యాండ్‌బ్రేకుతో ఒక వేపచెట్టు కింద ఆపాను. దిగి చూస్తే చక్రం దగ్గర సన్నగా పొగ. ఇక ఆ బండి జూహీని పెద్దపల్లికి తీసుకుపోదని చెప్పడానికి ఎవరూ అక్కర్లేదు.

జూహీ ఫోన్‌లో టైము చూసుకుంటోంది, మళ్ళీ చూసుకుంటోంది.

అప్పుడే టోల్‌గేట్ దాటి పెద్దపల్లి వైపు ఒక బస్సు వస్తోంది. మామ భుజం మీది తువ్వాల తీసి రెండు చేతులా ఊపుతూ రోడ్డు మధ్యకు నడిచి వెళ్ళాడు. అంతపెద్ద బస్సు, ఈయన బక్కపలచని మనిషి. డ్రైవరు తిట్టుకుంటూనే ఆపాడు. హమీద్ కాక కూతురి చేయి పట్టుకుని బస్సు దాకా కుంటుకుంటూ పరుగెత్తాడు. మెట్టు మీద ఒక కాలు పెట్టి, ఆగి, వెనక్కి తిరిగాడు.

"గట్టయ్యా, నువ్వు ఎక్కు. నా మోకాలు పరుగుకు రాదు. బిడ్డను జల్ది తీస్కపో."

మామ బస్సెక్కాడు. తలుపు దగ్గర నిలబడి అన్నాడు: "నువ్వు బండి కాడనే ఉండు. బ్రేకు సంగతి నీకే తెలుస్తది."

బస్సు వెళ్ళిపోయింది. హమీద్ కాక అది మలుపు తిరిగేదాకా రోడ్డు మీదే నిలబడ్డాడు. తర్వాత వచ్చి చెట్టు కింద కూర్చుని, సీసాలో నీళ్ళు తాగి, మొహం కడుక్కున్నాడు. "మొగిలికి ఫోన్ కొట్టు బిడ్డా. ఏసీలు తర్వాత చేసుకొమ్మను," అన్నాడు. గొంతులో చాలా రోజులకు హుషారు.

మొగిలి మోటారుసైకిల్ మీద వచ్చేసరికి చక్రం చల్లబడింది. అప్పటికే నేనూ హమీద్ కాకా జాకీ పెట్టి, నట్లు విప్పి, చక్రం ఊడదీసి పక్కన పెట్టాం. నట్లు నేనే విప్పాను. హమీద్ కాక రెంచీ మీద నిలబడమన్నాడు, నిలబడ్డాను. బయటికి కనిపించే డిస్కు ముఖం అద్దంలా నున్నగా మెరుస్తోంది. ఏ తప్పూ లేదు. హమీద్ కాక వెనక నుంచి వేళ్ళు పోనిచ్చి, లోపలి ముఖాన్ని తడిమి, నా వైపు చూశాడు.

"చేయి పెట్టి చూడు."

పెట్టాను. దున్నిన చెలకలా గీతలు గీతలు. గోరు దిగేంత లోతు ఉందేమో అనిపించింది.

"ముందు ఒక తీరు, వెనక ఒక తీరు," అన్నాను.

"ఊఁ," అన్నాడు ఆయన. అంతే.

మొగిలి బ్రేకును విప్పుతుండగా అటువైపు నుంచి వచ్చే బస్సులోంచి మామ దిగాడు. రోడ్డు దాటుతూనే అరిచాడు: "అందింది! బిడ్డకు గేటు అందింది! బస్టాండు కాడ ఆటోల పడ్డం. ఆటోవాడు సందులల్లకెల్లి కొట్టిండు. మేం పోయేవరకు గేటు సగం మూసిన్రు. నేను పోలీసాయన చేయి పట్టుకున్న. ఆయన నన్ను తిట్టుకుంటనే బిడ్డను లోపలికి తోలిండు."

"పోలీసాయన చేయి పట్టుకున్నవా?" అన్నాడు హమీద్ కాక.

"మరి గేటు పట్టుకొని ఊగాల్నా?"

హమీద్ కాక కళ్ళు తుడుచుకున్నాడు. చెమటనో, ఇంకేదో. సీసా మామకు అందించాడు. మామ గటగటా తాగి, తువ్వాల పరచుకుని ఆయన పక్కనే కూర్చున్నాడు. మొగిలి వాళ్ళిద్దరినీ చూసి, నన్ను చూసి, కనుబొమలు ఎగరేశాడు.

అప్పుడు అతను రెండు ప్యాడ్లు బయటికి తీసి, చెరో అరచేతిలో పెట్టుకుని చూపించాడు. ఒకటి బిస్కెట్టంత మందంగా, కొత్తదానిలా ఉంది. రెండోదానికి రుద్దే పొర మొత్తం పోయి, వెనకాల ఇనుప రేకు మిగిలింది. ఆ రేకే డిస్కును గీసింది.

"ఈ మందంది బయటి పక్కది. ఈ పోయింది లోపలి పక్కది," అన్నాడు.

"రెండూ ఒకటే చక్రానివా?" అని అడిగాను.

"ఒకటే చక్రానివి చెల్లె. ఏప్రిల్‌ల ఇద్దరి ముందట్నే ఏసిన."

"మరి తొక్కే కాలు ఒకటే, పెడల్ ఒకటే గదా అన్నా. కాలు పెట్టుకొని నడిపితే రెండూ అరగాలె. ఒక్కటే ఎట్ల అరిగింది?"

మొగిలి లేచి వెళ్ళి కుడి చక్రం కూడా ఊడదీశాడు. ఆ ప్యాడ్లు రెండూ కొంచెమే అరిగాయి, అదీ సమానంగా. అతను అక్కడే మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. తర్వాత ఎడమ పక్కకు తిరిగొచ్చి, ప్యాడ్లను పట్టుకుని ఉండే ఇనుప పట్టును రెండు చేతులతో అటూ ఇటూ ఊపాడు. కదల్లేదు.

"దొరికింది," అన్నాడు. "చూడు కాకా. తొక్కంగనే లోపలి ప్యాడు ముందుగాల నొక్కుతది. అప్పుడు ఈ పట్టు మొత్తం గీ పిన్నుల మీద జరిగి, బయటిదాన్ని గూడ గుంజుకరావాలె. కాలు తీసినంక మళ్ళ వదులు కావాలె. ఇది జరుగుతలేదు. లోపలిది ఒక్కటే నొక్కి, నొక్కినట్టే ఉంటున్నది. మీరు కాలు తీసినా అది తీస్తలేదు. గందుకే చక్రం కాలుతున్నది, బండి ఎడమకు గుంజుతున్నది."

నాకు నడపడం రాక కాదన్నమాట. ఆ మాట మాత్రం నేను పైకి అనలేదు.

నూనె పోసి, సుత్తితో తట్టి, మెలితిప్పి, చివరికి ఒక పిన్ను బయటికి లాగాడు. వేలంత పొడవు. నున్నగా ఉండాల్సింది, తుప్పూ నల్లటి దుమ్మూ కలిసి కాటుకముద్దలా పట్టి ఉంది. దాని మీద తొడుగులా ఉండే రబ్బరు చినిగిపోయింది. మా ఊళ్ళో గాలికే ఆ రంగు ఉంటుంది. చినిగిన సందు దొరికితే ఊరుకుంటుందా?

"ఏప్రిల్‌లనే కనపడాలె ఇది," అన్నాడు మొగిలి. "ఏ ప్యాడు ఏ పక్కదో చూడకుండ నాలుగూ కుప్పల పడేసిన. నోటికొచ్చింది చెప్పిన. తప్పు నాది కాకా."

మామ పిన్నును చేతిలోకి తీసుకున్నాడు. తిప్పి చూశాడు. హమీద్ కాకకు ఇచ్చాడు. ఆయన కూడా తిప్పి చూశాడు.

"అంటే నీది కాదు," అన్నాడు మామ.

"నీది గూడ కాదు."

"గీ పిన్నుది."

"దీని కోసమే ఎండకాలమంత మొహం అటు పెట్టి పండుకున్నమా?"

"నాకైతే మెడ పట్టింది హమీదూ. ఒకటే పక్కకు పండుకుంటే పట్టదా మరి?"

ముందు ఎవరు నవ్వారో చెప్పలేను. హమీద్ కాకకు దగ్గొచ్చేదాకా నవ్వారు. టోల్‌గేట్ దగ్గర కాల్చిన మొక్కజొన్న కంకులు అమ్మే పూలమ్మ అనే ఆమె, ఏమైందోనని మా దగ్గరికి వచ్చి, సంగతి విని, తనూ నవ్వి, నాలుగు కంకులు ఇచ్చి వెళ్ళింది. నవ్వు ఆగాక మామ తల వంచుకుని, కంకి ఒలుస్తూ మెల్లగా అన్నాడు: "షెడ్డుల నేను గట్ల అనకపోవలసింది. నీ చేతి బ్రేకు సంగతి నాకు తెల్వదా?"

"తెలుసు," అన్నాడు హమీద్ కాక. "కంకి తిను, సల్లారుతది."

మొగిలి పిన్నులను తోమి, గ్రీజు పెట్టి, కొత్త రబ్బర్లు తొడిగి, వెంట తెచ్చిన ప్యాడ్లు వేశాడు. పట్టు ఇప్పుడు వేలితో తోస్తే జరుగుతోంది. నాతో కూడా తోయించాడు. "ఇయ్యాల్టికి మెల్లగ పోండ్రి. డిస్కు లోపల్నుంచి పాడైంది. రేపు రెండు పక్కలవీ కలిపి మారుస్త. ఒక్కటి మారిస్తే మళ్ళ రెండు తీర్లు అయితది," అన్నాడు. పని కూలీ మాట ఎత్తితే దండం పెట్టి, మోటారుసైకిల్ ఎక్కి పారిపోయాడు.

ఇక బయలుదేరాలి. డ్రైవరు తలుపు దగ్గర మామ ఒక చేయి, హమీద్ కాక ఒక చేయి వేశారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"నువ్వు నడుపు," అన్నాడు మామ.

"లేదు, నువ్వు నడుపు."

"పొద్దున రోడ్డు మీద అట్ల ఆపింది ఎవరు? ఆమెనే నడపనియ్యి," అన్నాడు మామ చివరికి. ఇద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు. నేను ఎక్కాను. మొదటి బ్రేకు వేశాను. బండి చిన్న చప్పుడు కూడా లేకుండా, తిన్నగా ఆగింది. వెనక నుంచి ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పలేదంటే బాగున్నట్టేనని అప్పటికి నాకు అర్థమైంది.

పెద్దపల్లిలో జూహీ గేటు బయట నిలబడి ఉంది. మమ్మల్ని చూసి ముందు కారు వైపు కాదు, వెనక సీటు వైపు చూసింది. ఇద్దరు ముసలివాళ్ళు ఒకటే కిటికీలోంచి చేతులు ఊపుతున్నారు. "పరీక్ష ఎట్ల రాసినవ్?" అని నేనడిగితే, "అది తర్వాత చెప్తా, ముందు ఇది చెప్పు వదినా," అంది. పరీక్ష బాగానే రాసింది. ఉద్యోగం రెండో లిస్టులో వచ్చింది, ఇప్పుడు మంచిర్యాలలో చేస్తోంది.

తిరుగు ప్రయాణంలో వాళ్ళ నోళ్ళు మూతపడలేదు. రెండు నెలల మాటలు మిగిలి ఉన్నాయి కదా. ఎవరి బిడ్డ పెళ్ళి కుదిరింది, ఏ బాయి మూతపడుతోంది, బెల్లంపల్లిలో పాత దోస్తు ఒకతను పోయాడట, అది హమీద్ కాకకు తెలుసు, మామకు తెలియదు. "గిది నాకు చెప్పలేదేంది?" అని మామ అంటే, "గోడకు చెప్పాల్నా?" అని హమీద్ కాక. తర్వాత ఆ దోస్తు చేసిన ఒక పిచ్చిపని గుర్తొచ్చి నవ్వుకున్నారు. ఆపైన వాదన మొదలైంది. ఏ సంవత్సరం ఏ సీమ్‌లో, అంటే ఏ బొగ్గుపొరలో, నీళ్ళొచ్చాయన్న దాని మీద. గొంతులు పెరిగాయి. నాకు భయం వేయలేదు.

మా సందు దగ్గరపడింది. పడమట మబ్బు పట్టింది, గాలిలో తడి వాసన. ఇండికేటర్ వేశాను. అద్దంలో చూస్తే వెనక మామ హమీద్ కాక తొడ మీద చేత్తో కొట్టి ఏదో చెబుతున్నాడు. ఇల్లు వచ్చిందని ఇద్దరికీ తెలియదు. నా పక్కన జూహీ తల వాల్చి, సగం నిద్రలో నా వైపు చూసింది.

ఇండికేటర్ తీసేశాను. సందు దాటించి, గోదావరి వంతెన వైపు నేరుగా పోనిచ్చాను. ఎటని వెనక ఎవరూ అడగలేదు, వాళ్ళ మాటలు ఇంకా సాగుతూనే ఉన్నాయి.